జనాజా మంచానికి అడుగు చెక్క

కోకంద్
ఏప్రిల్ 12, 2004

బావమరిది తుర్గున్‌కు,

నీ బావ నేమత్ సలాములు. మీ అక్క సనోబర్, పిల్లలిద్దరూ, మీ అమ్మ, పేటలో నిన్ను తలుచుకునేవాళ్లు, తిట్టుకునేవాళ్లు అందరూ బాగున్నారు. పేరుపేరునా రాస్తే కాగితం చాలదు. లారీ డ్రైవరు బయట హారన్ కొడుతున్నాడు, ఉత్తరం వాడి చేతికే ఇవ్వాలి.

దుకాణం నడుస్తోంది. కోకంద్‌లో ఇప్పుడు అసలు కర్ర అడిగేవాడే లేడు. బీరువా అంటే పార్టికల్ బోర్డు, దాని వీపుకు హార్డ్‌బోర్డు, తలుపులకు పువ్వులు చెక్కిన ఎండీఎఫ్, పైన అక్రోటు కర్రలా కనిపించే కాగితం. అది చూసి మన ఖంబర్ ఉస్తా పైన పటారం లోన లొటారం అంటాడు. రంపపు పొట్టును జిగురుతో అదిమిన ఆ పార్టికల్ బోర్డుకు ఆయన పెట్టిన పేరు పొట్టు హల్వా. నీకూ నాకూ రంపం పట్టడం నేర్పిన మనిషి కాబట్టి పడతాను. ఇంకొకడైతే ఊరుకుంటానా?

అసలు సంగతి ఇది. మన పేట మసీదులో శవాన్ని మోసే జనాజా మంచం పాడైంది. మోత కర్రలూ కాళ్లూ రాయిలా ఉన్నాయి, అడుగు పలకల్ని పురుగు తినేసింది. ఖాళీ మంచాన్ని కడుగుతుంటే విరిగింది, మనిషి ఉండగా విరగలేదు, అదే మేలు. పెద్దలు ఆ పని నాకు అప్పగించారు. ఉస్తాకు చేతులు వణుకుతున్నాయి, కళ్లకు పొర కమ్మింది. ఇప్పటి పలకల్ని పచ్చిమీదే కోసేస్తున్నారు, నమ్మొద్దన్నాడు. పడవలకు వాడే నీటి ప్లైవుడ్ తెప్పించు, తుర్గున్ అక్కడ చేసేది అదే కదా అన్నాడు.

ఈ మాట మీ అమ్మ చెవిన పడింది. పిండి కలుపుతూ ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "నేను పోతే ఆ పూటే ఎత్తేస్తారు. వాడా మంచుదేశం నుంచి ఏ రెక్కలు కట్టుకుని వస్తాడురా? వాడి భుజం ఎలాగూ అందదు. వాడు చేసిన చెక్కయినా నా వీపు కింద ఉండనీ." ఇలా అని రొట్టెలు తందూరులో వేయడానికి వెళ్లిపోయింది. మనిషి గుండ్రాయిలా ఉంది, కంగారు పడకు. నాకంటే ఎక్కువ తింటోంది.

వీలైతే రెండు షీట్లు పంపు.

నీ బావ
నేమత్

—

కోస్త్రొమా
మే 20, 2004

బావా,

ఉత్తరం అందింది. అమ్మ మాట చదివి ఆ రోజు పనిలో రెండుసార్లు తిట్లు తిన్నాను. యంత్రం ముందు నిలబడి ఏం కలలు కంటున్నావని అడిగాడు మేస్త్రీ.

ఇక్కడ నా పని ఏమిటో అమ్మకు చెప్పు. బిర్చి చెట్టు దుంగల్ని వేడి నీళ్ల తొట్టిలో నానబెడతాం. నానిన దుంగను యంత్రం గిర్రున తిప్పుతుంటే పొడుగాటి కత్తి దాని ఒంటిమీద నుంచి పొరను వలుస్తుంది. అమ్మ సేమ్యాకు పిండిని ఎంత పల్చగా పరుస్తుందో అంత పల్చగా, విప్పినకొద్దీ గుడ్డలా వస్తుంది. ఆ పొరల్ని ఆరబెట్టి, ఒకటి నిలువుగా, దానిమీద ఒకటి అడ్డంగా పేర్చి, మధ్యన జిగురు పూసి వేడి మీద నొక్కుతాం. అడ్డం నిలువూ కలిస్తేనే బలం. ఒక పొర ఓడిపోయినా పక్క పొర పట్టుకుంటుంది.

రెండు షీట్లు పంపుతున్నాను. పద్దెనిమిది మిల్లీల మందం. అంచు చూడు, జిగురు గీతలు ముదురు ఎరుపులో ఉంటాయి. అదే నీటి జిగురు. అంచు తెల్లగా ఉన్నది సోఫాలకూ మంచాలకూ సరే గానీ తడి తగిలితే విచ్చుకుంటుంది. నీ దుకాణంలో ఉన్న పొట్టు హల్వా సంగతి నీకు నేను చెప్పాలా? అది పొడిగదిలో బీరువాగా పుట్టి బీరువాగా చావాలి. నీళ్లు కనబడితే ఒంటెలా తాగుతుంది.

ఒక షీటు మంచానికి సరిపోతుంది. రెండోది దాచు, పదేళ్ల తరవాత పనికొస్తుంది. కోసిన అంచులకు నూనె రంగు మూడుసార్లు పట్టించు, నీళ్లు లోపలికి పోయే దారి అంచే.

బావా, ఈ రెండు షీట్లకూ పొరలు నేనే ఏరాను, ముడి లేనివి, చిల్లి లేనివి. నేను పంపేది చెక్క అనుకోకు. రేపు అమ్మను మోసేటప్పుడు కొడుకు నిలబడాల్సిన చోట నాకు బదులుగా ఇది ఉంటుంది. ఆ రోజు నూరేళ్ల తరవాత రావాలి.

అక్కకు సలాములు.

తుర్గున్

—

కోకంద్
జూన్ 25, 2004

తుర్గున్‌కు,

షీట్లు వచ్చాయి. అబ్బ, సరుకంటే సరుకు. ఉస్తా చేత్తో తడిమి, అంచు వాసన చూసి, ఒక మూల చిన్న ముక్క కోయించాడు. దాన్ని మీ అమ్మ టీ కాచే సమోవార్‌లో పడేసి గంటసేపు ఉడకబెట్టాడు. మీ అమ్మ తిట్టిన తిట్లు ఈ కాగితం మీద రాసేవి కావు. ముక్క తీసి చూస్తే ఒక్క పొర కదల్లేదు. ఉస్తా దాన్ని తన టోపీలో పెట్టుకుని ఇంటికి పోయాడు. ఇరవై ఏళ్లుగా నేను చేసిన ఏ వస్తువునూ ఆయన అలా పట్టుకుపోలేదు, ఆ మాట కూడా రాయాలి కదా.

మీ అమ్మ షీటును వేలి కణుపుతో కొట్టి, గట్టిదే, తుర్గున్ నాన్న తలలాగే ఉంది అంది.

ఆప్రికాట్లు ఎండలో పరిచాం, అందరి చేతులూ అదే పనిలో ఉన్నాయి. ఈ హడావుడి తగ్గగానే మంచం పని. ఇంకో వార్త. కొత్త పెళ్లిమంటపం కట్టిన తాలిబ్ హాజీ నలభై భోజనాల బల్లలు చేయించాలని చూస్తున్నాడు. ముందు రెండు బల్లలు నమూనాగా చేసి ఇవ్వాలట. నెల రోజులు వాటిమీద టీ ఒలికించి, పలావు దేగిసాలు పెట్టి పరీక్ష చేస్తాడట. నిలబడితే మొత్తం పని నాదే. నలుగురు వడ్రంగులు కాచుక్కూర్చున్నారు. దేవుడు నా వైపు చూస్తే ఈ ఏడు గట్టెక్కినట్టే.

నేమత్

—

కోస్త్రొమా
ఆగస్టు 8, 2004

బావా,

మంచం అయిందా? నీ ఉత్తరం కోసం డ్రైవరు వచ్చినప్పుడల్లా గేటు దాకా వెళ్తున్నాను. వాడు పుచ్చకాయ ఇచ్చి పంపిస్తున్నాడు గానీ ఉత్తరం లేదంటున్నాడు.

ఎన్నిసార్లు రంగు వేశావు? కర్రలకు మేకులు కొట్టావా, బోల్టులు బిగించావా? ఉస్తాకు చూపించావా? ఆయనకు కళ్లు లేకపోయినా పరవాలేదు, వేలితో కొట్టి చెబుతాడు.

నీ పెళ్లిమంటపం పని ఏమైంది? రావాలని కోరుకుంటున్నాను. వస్తే అక్క ఊపిరి పీల్చుకుంటుంది.

తుర్గున్

—

కోకంద్
సెప్టెంబరు 19, 2004

తుర్గున్‌కు,

అయింది బాబూ, అయింది. మంచం చేసి ఆకుపచ్చ రంగు వేసి మసీదు కొట్టంలో పెట్టించాను. పెద్దలు చూసి బాగుందన్నారు. ఉస్తాకు కంటి ఆపరేషన్ అయింది, ఆయన్ని కదిలించలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? చనిపోయేవాళ్లు ఎవరూ అడగడం లేదు, నువ్వు మాత్రం బోల్టులు లెక్కపెడుతున్నావు.

తాలిబ్ హాజీ నమూనా బల్లలు మెచ్చాడు. మొత్తం నలభై నాకే ఇచ్చాడు. ఇద్దరు పనివాళ్లను పెట్టుకున్నాను. తీరిక లేదు, ఇంతటితో ముగిస్తున్నాను.

నేమత్

—

కోస్త్రొమా
అక్టోబరు 15, 2004

బావా,

కోపగించుకోకు. అంత దూరాన ఉన్నవాడికి అడగడం తప్ప చేతిలో ఏముంటుంది? మంచం పూర్తయిందని చదివాక ఆ పూట కడుపునిండా తిన్నాను. ఇక్కడి బీట్‌దుంపల చారు కూడా రుచిగా అనిపించింది. అమ్మకు ఈ పని చేసిపెట్టావు, నీ రుణం ఉంచుకోను. నలభై బల్లలూ కలకాలం నిలవాలి.

తుర్గున్

—

కోకంద్
డిసెంబరు 14, 2004

తమ్ముడూ,

ఫోనులో సరిగా చెప్పలేకపోయాను. పోస్టాఫీసులో నా వెనక పది మంది నిలబడ్డారు.

ఆ ఉదయం అమ్మ మామూలుగానే లేచింది. పిండి కలిపి తడిగుడ్డ కప్పింది. తలనొప్పిగా ఉందని గోడకు ఆనుకుని కూర్చుంది. సనోబర్ టీ తెచ్చేసరికి ప్రాణం లేదు. డాక్టరు రక్తపోటన్నాడు. ఆ పిండితో రొట్టెలు పక్కింటివాళ్లు కాల్చారు, వచ్చినవాళ్లకు అవే పెట్టాం.

మధ్యాహ్నం నమాజు వేళకు తీసుకెళ్లాం. మనవాళ్లం ఏడుగురం ఆచారం ప్రకారం దూది అంగీలు తొడుక్కుని, నడుముకు గుడ్డ నడికట్లు కట్టుకుని వాకిట్లో నిలబడ్డాం. పేటంతా వచ్చింది. వంద మంది భుజాలు మార్చుకున్నారు. అంతా సవ్యంగా జరిగింది, ఎక్కడా ఏ లోటూ రాలేదు. నువ్వు పంపిన చెక్క మీదే వెళ్లింది, నువ్వు మోసినట్టే అనుకో. మనసు గట్టి చేసుకో.

నలభయ్యో రోజు పలావు పెడతాం.

నీ బావ
నేమత్

—

కోస్త్రొమా
ఫిబ్రవరి 21, 2005

నేమత్ బావకు,

మన వీధి మదియార్ తెలుసుగా, రొట్టెల ఇంటి అల్లుడు. పోయిన వారం ఇక్కడ దుంగల తొట్టి దగ్గర పనిలో చేరాడు. టీ తాగుతూ నన్ను ఓదార్చబోయాడు. "అలాంటిది పగవాడి తల్లికి కూడా జరగకూడదు అన్నా" అన్నాడు. నాకు తెలుసనే అనుకున్నాడు, పాపం. నాకు తెలియదని నా ముఖం చూసి గ్రహించి మాట మార్చబోయాడు. ఇక వదల్లేదు నేను, చెప్పేదాకా కూర్చోబెట్టాను.

ముందు రోజు నుంచే వాన. మసీదు కొట్టం కురిసి మంచం తడిసే ఉంది. వాకిట్లోంచి ఎత్తినప్పుడు బాగానే ఉంది. కాలువ వంతెన మలుపు దగ్గర అడుగు పెళ్లున విరగలేదట, మెల్లగా కిందికి జారిందట, టీలో ముంచిన రొట్టెలాగా. తెల్ల గుడ్డలో ఉన్న మా అమ్మ నడుము మోత కర్రల మధ్య నుంచి కిందికి వేలాడింది. నలుగురు వంగి కింద చేతులు పెట్టారు. ఏడుగురి నడికట్లూ విప్పి, కింద నుంచి కర్రకూ కర్రకూ కట్టి, అలా శ్మశానం చేర్చారు. మొట్టమొదట నడికట్టు విప్పింది నువ్వేనట. మదియార్ ఆ మాట మెచ్చుకుంటూ చెప్పాడు.

లోటు రాలేదని రాశావు. నేను మోసినట్టే అనుకోమని రాశావు. ఆ ఉత్తరాన్ని రెండు నెలలు జేబులో పెట్టుకుని తిరిగాను.

రోజుకు తొమ్మిది గంటలు నేను ప్లైవుడ్ చేస్తాను బావా. మదియార్ చెప్పింది విన్నాక అదే రకం ముక్కను నాలుగు రోజులు తొట్టిలో ముంచి ఉంచాను. తీసి దానిమీద నిలబడ్డాను, ఎగిరి దూకాను. ఏమీ కాలేదు. టీలో రొట్టెలా నానేది ఏ చెక్కో నీకూ తెలుసు, నాకూ తెలుసు. పోయిన శరత్తులో నేను మామూలుగా అడిగితే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎందుకు కసిరావో ఇప్పుడు అర్థమైంది.

ఒక్క ప్రశ్నకు జవాబు రాయి. నా షీట్లు ఎక్కడున్నాయి?

తుర్గున్

—

కోకంద్
మార్చి 27, 2005

తుర్గున్,

తాలిబ్ హాజీ పెళ్లిమంటపంలో ఉన్నాయి. రెండు నమూనా బల్లలూ వాటితోనే చేశాను.

విను. ఆప్రికాట్లు ఎండబెట్టే రోజుల్లో ఆయన మేనేజరు వచ్చి వారంలో నమూనాలు కావాలన్నాడు. నా దగ్గర పార్టికల్ బోర్డు తప్ప ఏమీ లేదు. దానిమీద టీ ఒలికితే నెలలో అంచులు ఉబ్బుతాయని నాకు తెలుసు. నీ షీట్లు గోడకు ఆనించి ఉన్నాయి. జనాజా మంచానికి ఎవరికి తొందర అనుకున్నాను. పని దక్కాక నిన్నే మళ్లీ అడిగి తెప్పిస్తాననుకున్నాను. నువ్వు అయిందా అయిందా అని రాస్తుంటే, మసీదు పెద్దలు కూడా అడుగుతుంటే, ఒక పొద్దున్న కూర్చుని పార్టికల్ బోర్డు ముక్క కోసి బిగించేశాను. మామూలు పలకలు వేయొచ్చు, కానీ తుర్గున్ పంపిన ప్లైవుడ్ ఏదని పేటంతా అడుగుతుంది. రంగు కింద షీటు షీటులాగే కనిపిస్తుంది. ఉస్తా వేలికి దొరక్కుండా తిన్నగా కొట్టంలో పెట్టించాను. అవును, అందుకే.

మిగతా ముప్ఫై ఎనిమిది బల్లలూ పొట్టు హల్వాయే. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ వంతెన దగ్గర నేను ముందు వరసలో ఉన్నాను. అడుగు కదిలినట్టు నా భుజానికే మొదట తెలిసింది. ఏమైందో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు, అందుకే నా చేతులు ముందు లేచాయి. దాన్ని గొప్ప అనుకుంటున్నారు. కాదని చెప్పలేకపోయాను.

తరవాత ఉస్తా వచ్చి విరిగిన అడుగును వేళ్లతో నలిపి చూశాడు. పొట్టు రాలింది. లేచి వీధి కాలువలో చేతులు కడుక్కుని వెళ్లాడు. ఆ రోజు నుంచి నా సలాముకు బదులు లేదు. సనోబర్ అడిగింది, చెప్పాను. అన్నం పెడుతుంది, కంచం నా వైపు నెడుతుంది, అంతే. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని నువ్వూ అంటావు. అను.

కానీ నేనూ ఒకటి అడుగుతాను. ఆరేళ్లలో నువ్వు ఎన్నిసార్లు వచ్చావు? మందులు తెచ్చింది నేను. చలికాలం బొగ్గు తోలించింది నేను. కాలు బెణికితే వీపున మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది నేను. బతికుండగా మోసినవాడికి పేరు లేదు. రెండు చెక్కలు పంపి కొడుకునని కూర్చున్నావు. మీ అమ్మ నీ చెక్కను తలుచుకున్నంతగా నా చేతుల్ని ఎప్పుడూ తలుచుకోలేదు. అది కూడా నా మనసులో ఉందేమో, నాకు తెలియదు.

ఇంకేం రాయను. ఆ రెండు బల్లలూ పెద్దల వరసలో వేశారు. ఒక్క అంచు లేవలేదు.

నేమత్

—

కోకంద్
అక్టోబరు 30, 2005

తుర్గున్‌కు,

ఏడు నెలలుగా నీ దగ్గర నుంచి అక్షరం లేదు. డ్రైవరును అడిగితే బాగానే ఉన్నాడంటాడు.

తాలిబ్ హాజీ ముప్ఫై ఎనిమిది బల్లలూ నా వాకిట్లో దింపించి వెళ్లాడు. అంచులు పుట్టగొడుగుల్లా ఉబ్బాయి. వీధిలో పోయేవాళ్లంతా ఆగి చూసి పోతున్నారు. మంచివి రెండూ తన దగ్గరే ఉంచుకున్నాడు. మిగతావి కూడా వాటిలాగే చేసి ఇస్తే గొడవ మానుకుంటాడట, లేకపోతే దుకాణం మూయిస్తానన్నాడు.

సిగ్గు విడిచి అడుగుతున్నాను. నీ మిల్లు నుంచి ఆ ఎర్ర అంచు ప్లైవుడ్ ఒక లారీ ఇప్పించు. నా కోసం కాదు, మీ అక్క ముఖం చూసి, పిల్లల ముఖం చూసి.

అమ్మ పోయి ఏడాదైన రోజు పలావు డిసెంబరులో. ఇంట్లోనే పెడుతున్నాం. నువ్వు రావాలి. మసీదు మంచాన్ని ఎవరూ బాగు చేయించలేదు. నా చేతికి ఇవ్వరు, ఇంకొకరికి చెప్పడానికి మొహమాటం. ఎవరైనా పోతే పక్క పేటకు వెళ్లి వాళ్ల మంచం అడిగి తెచ్చుకుంటున్నారు. పోయిన నెల గంటసేపు శవాన్ని వాకిట్లో ఉంచాల్సి వచ్చింది.

నేమత్

—

కోస్త్రొమా
నవంబరు 20, 2005

నేమత్ గారికి,

మీ రెండు ఉత్తరాలూ అందాయి.

మార్చిలో మీరు అడిగిన దానికి ఇప్పుడు రాస్తున్నాను. ఆరేళ్లలో రెండుసార్లు వచ్చాను. అమ్మను బతికుండగా మోసింది మీరే, నేను కాదు. ఈ మాట పేటలో ఎవరి ముందైనా చెబుతాను. అమ్మ మీ చేతుల్ని తలుచుకోలేదనడం అబద్ధం. పోయినసారి వచ్చినప్పుడు, నువ్వు లేకపోయినా నాకు ఇంట్లో ఒక కొడుకున్నాడని నాతోనే అంది. అది విని నేను బాధపడ్డాను. మీకు చెప్పలేదు, నాదీ తప్పే.

అందుకే నాకు మీ మీద కోపం తగ్గడం లేదు. పరాయివాడు చేసి ఉంటే తిట్టి మరిచిపోయేవాణ్ణి.

ఏడాదికి రాను. వస్తే మీ ఇంటి వాకిట్లో మీ పక్కన నడికట్టు కట్టుకుని నిలబడి వచ్చినవాళ్లకు సలాం చేయాలి. నావల్ల కాదు. ఇక్కడే ముగ్గురిని పిలిచి పలావు పెడతాను.

లారీ ప్లైవుడ్ ఇప్పించను. అక్కకు వేరే ఉత్తరం రాశాను. పిల్లల్ని తీసుకుని, ఖాళీగా ఉన్న అమ్మ పాత ఇంట్లో ఉండమన్నాను, ఆ ఇల్లు తనది. ఉండాలో వద్దో తన ఇష్టం.

ఈ డ్రైవరుతో ఒక్క షీటు పంపుతున్నాను. మీ దుకాణం దగ్గర ఆపొద్దని చెప్పాను. మసీదు గేటు దగ్గర దింపి ఉస్తా చేతికి ఇస్తాడు. ఉస్తా తన ఎదుట ఎవరితోనైనా కోయిస్తాడు, బిగింపిస్తాడు. పద్దెనిమిది మిల్లీలు, పదమూడు పొరలు, ఒక్క ముడి లేకుండా మళ్లీ నేనే ఏరాను. నాలుగు రోజులు నీళ్లలో ఉంచి చూశాను.

అది మా అమ్మకు అందదు. పేటలో మిగిలినవాళ్లకు అందుతుంది. వాళ్లలో మీరూ ఉన్నారు. మీ వంతు వచ్చిన రోజు వాన పడినా, వంతెన మలుపు తిరిగినా అది విరగదు, మీ కింద ఎవరూ నడికట్టు విప్పక్కర్లేదు. ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి.

తుర్గున్